అగ్గి తెగులు శిలీంధ్రంపై పరిశోధన చేయాలంటే ఎలా?

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాది చదువుతున్నాను. తెగులు శిలీంధ్రాలు ఆకు మీద దారి ఎలా గుర్తుపడతాయో, లోపలికి ఎలా చొరబడతాయో పరిశోధించాలనుంది. ఇప్పటి నుంచి ఏం చేయాలి?

జవాబు: వరి అగ్గి తెగులుతో మొదలుపెట్టండి. ఆకు మీద పడ్డ సిద్ధబీజం (శిలీంధ్రానికి విత్తనం లాంటి సూక్ష్మ కణం) సుమారు 2 గంటల్లో మొలకెత్తుతుంది. మొలక గొట్టం కొస, కింది ఉపరితలం గట్టిదేనా, నీరు అంటని మైనపు పొర ఉందా అని పసిగడుతుంది. అనువుగా ఉంటే చివర ఉబ్బి అప్రెసోరియం అనే గుండ్రటి కణమవుతుంది. దాని గోడకు మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం పూత, లోపల గ్లిసరాల్. గ్లిసరాల్ నీటిని లాగే కొద్దీ పీడనం 8 మెగాపాస్కల్స్ దాకా, అంటే కారు టైరులోని గాలికి 30 రెట్లకు పైగా చేరుతుంది. ఆ బలంతోనే అడుగు నుంచి సన్నని మేకులాంటి భాగం ఆకులోకి దిగుతుంది. రైతులు లీటరు నీటికి 0.6 గ్రాములు కలిపి చల్లే ట్రైసైక్లజోల్ అనే శిలీంధ్రనాశిని ఆపేది ఈ మెలనిన్ తయారీనే. ఫ్రెంచ్ బీన్స్ తుప్పు శిలీంధ్రానిది వేరే పద్ధతి. పత్రరంధ్రం అంచున అర మైక్రాన్ ఎత్తున్న గట్టును తాకి ద్వారం ఎక్కడుందో తెలుసుకుంటుంది.

మీ ప్యాథాలజీ ప్రొఫెసర్ అనుమతితో కాలేజీ ల్యాబ్‌లోనే ఇది చూడండి. హీమోసైటోమీటర్‌తో (గళ్లు గీసిన లెక్కింపు స్లైడ్) లెక్కించి, మిల్లీలీటరుకు లక్ష బీజాలుండే ద్రావణం చేసుకోండి. ప్లాస్టిక్ కవర్‌స్లిప్ మీద 50 మైక్రోలీటర్ల చుక్క వేసి, తడి దూది ఉన్న మూత పెట్టెలో 25 డిగ్రీల దగ్గర ఉంచండి. 2, 4, 8, 24 గంటలకు వందేసి బీజాలు చూసి, ఎన్నింటికి అప్రెసోరియం వచ్చిందో రాసుకోండి. మామూలు గాజు స్లైడ్ వాడితే గొట్టాలు పొడుగ్గా సాగుతాయే తప్ప అప్రెసోరియాలు సరిగా ఏర్పడవు, ఎందుకంటే గాజుకు నీరు అంటుతుంది. శిలీంధ్రాన్ని పెంచిన మీడియంలోని పోషకాలు చుక్కలో కలిసినా అదే ఇబ్బంది, కాబట్టి బీజాలను డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. బీజాల ద్రావణం మరీ చిక్కగా ఉంటే మొలకే తగ్గుతుంది. పదేపదే సబ్‌కల్చర్ చేసిన (కొత్త మీడియంలోకి మార్చి పెంచిన) ఐసొలేట్, అంటే వేరుచేసి పెంచుకున్న శిలీంధ్రం అయితే బీజాలే సరిగా ఇవ్వదు.

పీజీకి ఐసీఏఆర్ ప్రవేశ పరీక్ష రాసి ప్లాంట్ ప్యాథాలజీ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష జీఏటీ-బీ ద్వారా అగ్రి బయోటెక్నాలజీ కూడా ఉంది, కానీ పొలంలో తెగులును గుర్తుపట్టే కన్ను ప్యాథాలజీలోనే తయారవుతుంది. తెగుళ్ల పేర్లు, మందుల మోతాదులు బట్టీ పడితే ఈ రంగంలో సరిపోదు. కణజీవశాస్త్రం, మైక్రోస్కోపీ, ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌తో ఫొటోల్లో కొలవడం ఇప్పుడే నేర్చుకోండి. పీజీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఉంటుంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో అగ్గి తెగులును తట్టుకునే రకాలపై పని జరుగుతోంది. పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునే ముందు ల్యాబ్‌లో కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ (కణాలను లేజర్‌తో పొరలు పొరలుగా చూపేది) అందుబాటులో ఉందా, శిలీంధ్రంలో జన్యువును తొలగించి చూసే పని అక్కడ చేస్తున్నారా అని అడగండి.