మార్కాపురం పలకలో కప్ప ఉంటుందా?

ప్రశ్న: మా ఊరి గనిలో చీల్చిన ఒక పలకరాయి మీద నల్లని గీతలు కొమ్మల్లా పరుచుకొని, ఒక మూల అచ్చం కప్ప కాళ్ళలా కనిపిస్తున్నాయి. డైనోసార్ల కాలపు కప్ప శిలాజమని కొందరు అంటున్నారు. నిజమేనా? తెలుగు నేల మీద అలాంటివి దొరికాయా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: మీ వర్ణనను బట్టి అది శిలాజం కాదు. మాంగనీసు కరిగిన నీరు రాతి పొరల సందుల్లోకి ఇంకినప్పుడు నల్లని ఖనిజం ఇలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. దీన్ని డెండ్రైట్ అంటారు. భూతద్దం పెట్టి చూడండి. గీతలకు మందం లేకుండా, రాతికి పూసినట్టుగా ఉండి, చివరికి పోయేకొద్దీ సన్నబడితే అది ఖనిజమే. పైగా మీ పలకరాయి కడప శిలల వరుసకు చెందినది, వంద కోట్ల ఏళ్ళకు పైబడినది. అప్పటికి వెన్నెముక గల ప్రాణి ఏదీ పుట్టనే లేదు. నెల్లూరు జిల్లా అభ్రకపు గనుల రాళ్ళు భూగర్భంలో వేడికి, ఒత్తిడికి లోనైనవి కాబట్టి అక్కడ వెతకడమూ దండగే.

ఒంగోలుకు ఉత్తరాన వేమవరం, బుడవాడ, పావులూరు శిలలు మాత్రం డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ యుగం తొలినాళ్ళవి. 19వ శతాబ్దంలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని పరిశీలించారు. వాటిలో టైలోఫిల్లం వంటి మొక్కల ఆకుల అచ్చులతో పాటు సముద్రంలో బతికిన అమ్మోనైట్ల గుల్లలు కూడా ఉన్నాయి. పల్చని చర్మం గల కప్పల వంటి ఉభయచరాలు సాధారణంగా ఉప్పునీటిని ఓర్చుకోలేవు కనుక, అటువంటి చోట వాటి ఎముకలను ఆశించడం కష్టం.

తెలుగు నేల మీద డైనోసార్ల కాలపు ఉభయచరాలు, కప్పలు కాకపోయినా, ఉన్నది గోదావరి లోయలో. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి శిలలు సుమారు 22 కోట్ల ఏళ్ళ నాటి నదీతీరపు నిక్షేపాలు. 1965లో శాస్త్రవేత్త రాయ్ చౌధురి వర్ణించిన మెటపోసారస్ మలేరియెన్సిస్ అనే పెద్ద ఉభయచరం అక్కడిదే. దాన్ని ఇప్పుడు పాంథాసారస్ అంటున్నారు. తొలి డైనోసార్లలో ఒకటైన ఆల్వాకేరియా ఎముకలు కూడా ఆ శిలల్లోనే దొరికాయి. పాంథాసారస్ తల చదునైనది, కళ్ళు తల మధ్యన కాక బాగా ముందుకు, ముట్టె వైపుకు జరిగి ఉంటాయి. పుర్రె పైభాగమంతా తేనెపట్టులా గుంటలు, వాటి చుట్టూ గట్లు. ఆ గుంటలు చాలు, చేతిలో ఉన్నది చిన్న ముక్కే అయినా ఈ వర్గపు ఉభయచరమని అనుమానించడానికి. పంటిని అడ్డంగా కోస్తే లోపలి పొర మెలికలు మెలికలుగా మడతపడి కనిపిస్తుంది.

ప్రశ్న: ఆ పెద్ద ఉభయచరాలే నేటి కప్పలయ్యాయా? అవి ఎప్పుడు అంతరించాయి?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: కాలేదు. మలేరి జీవులకు ఎంతో ముందే, 25 కోట్ల ఏళ్ళ క్రితం, మడగాస్కర్‌లో ట్రయడోబాట్రకస్ అనే కప్పవంటి ప్రాణి ఉండేది. దానికి పొట్టి తోక, నేటి కప్పలకన్నా ఎక్కువ వెన్నుపూసలు ఉండేవి. కప్పలూ, ఈ చదును తలల జీవులూ దూరపు చుట్టాలే తప్ప తాతా మనవలు కారు.

ఇక అంతరించడం సంగతి, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. మలేరి శిలల పైపొరల్లోకి వచ్చేసరికి పాంథాసారస్ మాయమై, దాని స్థానంలో కాంప్సోసెరాప్స్ వంటి చిగుటీసారిడ్ అనే మరో కుటుంబపు ఉభయచరాలు కనిపిస్తాయి. సుమారు 20 కోట్ల ఏళ్ళ క్రితం, ట్రయాసిక్ యుగాంతంలో పాంథాసారస్ బంధువులు నశించినా ఈ కుటుంబం బతికి బయటపడింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో దొరికిన కూలాసూకస్ ఆ కుటుంబంలో ఆఖరిది, సుమారు 12 కోట్ల ఏళ్ళ నాటిది. అప్పట్లో ఆ ప్రాంతం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండి, నదులు మొసళ్ళు తట్టుకోలేనంత చల్లగా ఉండేవనీ, పోటీ లేని ఆ నీళ్ళలోనే ఇది నిలిచిందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ముంబైలోని వర్లీలో దొరికి, 1847లో ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ వర్ణించిన చిన్న కప్పలను (నేటి పేరు ఇండోబాట్రకస్) కూడా కొందరు డైనోసార్ల కాలపు ఉభయచరాల జాబితాలో చేరుస్తారు. అవి డైనోసార్లు అంతరించాక కొంత కాలానికి బతికినవి కాబట్టి ఆ జాబితాలోకి రావు.