మ్యాక్‌లో ‘రిపేర్ పర్మిషన్స్’ ఏమైపోయింది?

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో ఓ షాపువాళ్లు పాత మ్యాక్‌బుక్‌లోని ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చారు. తెరుచుకుంటున్నాయి గానీ, మార్చి సేవ్ చేయబోతే పర్మిషన్ లేదంటోంది. టెర్మినల్‌లో ‘డిస్క్‌యుటిల్ రిపేర్‌పర్మిషన్స్’ కొట్టమన్నారు తెలిసినవాళ్లు. ఆ కమాండే పనిచేయడం లేదు. డిస్క్ పోయిందా సార్?
– ఓ పాఠకురాలు, వేలచ్చేరి, చెన్నై

జవాబు: టెన్షన్ వద్దమ్మా, ఇవి డిస్క్ పోయిన లక్షణాలు కావు. ఆ సదుపాయాన్ని యాపిల్ 2015లో ఎల్ క్యాపిటన్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌తోనే తీసేసింది. సిస్టమ్ ఫైళ్లకు అప్పటి నుంచి సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ కాపలా ఉంటోంది. నిజానికి ఆ కమాండ్ ఉన్న రోజుల్లోనూ మీ ఫైళ్ల జోలికి వచ్చేది కాదు, యాపిల్ ఇన్‌స్టాలర్ పెట్టినవాటినే సరిచేసేది. అయినా మ్యాక్ నెమ్మదించినా, ప్రింటర్ మొరాయించినా జనం దాన్నే నడిపేవాళ్లు, ఏ నొప్పికైనా అమృతాంజనమే రాసినట్టు.

ఫైల్‌ను మార్చే హక్కు మామూలుగా దాని ఓనర్‌దే. అందుకే మీ ఫైళ్లకు ఓనర్ ఎవరో ముందు చూడండి. టెర్మినల్‌లో చిన్న అక్షరాలతో ‘ఎల్ఎస్’, స్పేస్, ‘హైఫన్ ఎల్’, మళ్లీ స్పేస్ కొట్టి, ఫోల్డర్‌ను మౌస్‌తో లాక్కొచ్చి ఆ విండోలో వదలండి. అడ్రస్ దానంతటదే పడుతుంది. ఎంటర్ కొట్టాక మూడో నిలువు వరుసలో కనిపించేదే ఓనర్ పేరు. అక్కడ మీ పేరు బదులు ‘రూట్’ (మ్యాక్‌లో సర్వాధికారాలున్న యూజర్) అని ఉంటే, కాపీ చేసినవాళ్లు ‘సుడో’ (sudo, ఆ అధికారంతో కమాండ్ నడిపే మాట) వాడి ఉంటారు. 502 లాంటి అంకె ఉంటే, ఆ నంబరు యూజర్ ఇప్పుడు మీ మ్యాక్‌లో లేరని అర్థం. (మ్యాక్‌లో మొదటి అకౌంట్‌కు మామూలుగా 501 వస్తుంది.)

సరిచేయడానికి ‘సుడో’, ‘సీహెచ్ఓడబ్ల్యూఎన్’, ‘హైఫన్ ఆర్’, మీ యూజర్ నేమ్ వరుసగా, మధ్యలో స్పేస్‌లతో కొట్టండి. ఇక్కడ ఆర్ మాత్రం క్యాపిటల్. చివర్లో స్పేస్ ఇచ్చి ఫోల్డర్‌ను మళ్లీ లాగి వదలండి. యూజర్ నేమ్ తెలియకపోతే ‘హూయామై’ (whoami) అని కొడితే చెబుతుంది. మ్యాక్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది కొడుతుంటే తెరమీద చుక్క కూడా కనిపించదు, కీబోర్డ్ పాడైందనుకోకండి.

ఎంటర్ కొట్టేముందు లైన్‌ను ఒకసారి చదవండి. అందులో స్లాష్ ఒక్కటే విడిగా పడితే మొత్తం డిస్క్ మీదే ప్రయోగం అవుతుంది. అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చే 777 పెట్టేయమని సలహాలొస్తాయి, వినకండి. ఓనర్ మారడు సరికదా, ఆ మ్యాక్ వాడే ప్రతివాళ్లకూ మీ ఫైళ్లు మార్చే వీలు దొరుకుతుంది.

‘పర్మిషన్ డినైడ్’ బదులు ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తే సంగతి వేరు. అప్పుడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, ఫుల్ డిస్క్ యాక్సెస్‌లో టెర్మినల్‌ను ఆన్ చేయండి. టెర్మినల్ మూసి తెరిచాక అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి.