డిక్ చెనీ పలుకుబడితోనే గుండె మార్పిడి చేయించుకున్నారా?

2012 మార్చిలో, 71 ఏళ్ల వయసులో, అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు చెనీకి గుండె మార్చారు. ఆయన సమర్థించిన ఇరాక్ యుద్ధం మీది కోపమూ కలిసి, లైను దాటాడన్నారు చాలామంది. నిజానికి ఆయన 20 నెలలకు పైగా గుండె కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో ఉన్నారు. 2010 నుంచి గుండెకు అమర్చిన పంపుతోనే బతికారు. గుండె ఎవరికివ్వాలో తేల్చడానికి దాతతో బ్లడ్ గ్రూపు, ఒంటి కొలత కలవాలి; జబ్బు తీవ్రత, దూరం కూడా చూస్తారు. తీసిన గుండెను సుమారు 4 గంటల్లో అమర్చాలి.

71 ఏళ్ల వయసులో గుండె ఇవ్వాలా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. డబ్బో ఇన్సూరెన్సో లేనివాళ్లు అసలు జాబితా దాకా రాలేకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం.

ఇక్కడ విశాఖలో అవయవాల కేటాయింపు రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది. దాతగా నమోదైనా, బ్రెయిన్ డెత్ తర్వాత ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే అవయవాలు తీసుకోరు. మీ నిర్ణయం వాళ్లకు ముందే చెప్పండి.