వేరుశనగ చేలో పోయిన పుస్తెలతాడు వెతకడానికి పెద్ద కాయిల్ కొనాలా?

వేరుశనగ పీకేటప్పుడు అమ్మగారి పుస్తెలతాడు చేలో జారిపోయిందని, మీది ఎర్రనేల అని, మెటల్ డిటెక్టర్ (లోహాలు వెతికే మిషన్)తో వచ్చిన 11 అంగుళాల కాయిల్, అంటే నేలమీద తిప్పే చక్రం, తీసేసి 15 అంగుళాలది కొంటే ఇంకా లోతుకు పట్టుకుంటుందా అని అడిగారు. కొనకండి. నిన్నమొన్న జారిన వస్తువు నేలమీదో, పీకినప్పుడు గుల్లబారిన రెండు మూడు అంగుళాల మట్టిలోనో ఉంటుంది. 6 అంగుళాల కాయిల్ ఎవరిదగ్గరైనా దొరికితే అది పెట్టండి, లేదంటే ఉన్నదే చాలు.

మా చుట్టుపక్కల పొలాల్లో ఎవరివైనా ఉంగరాలు, కమ్మలు పోతే నేను వెతికిపెడుతుంటాను. అన్నిటికంటే కష్టం గొలుసు. కాయిల్ అయస్కాంత క్షేత్రం వల్ల లోహంలో కరెంటు గుండ్రంగా తిరుగుతుంది, దాన్ని పసిగట్టి మిషన్ మోగుతుంది. గొలుసులో లింకులు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. అందుకే ఎన్ని తులాలదైనా మిషన్‌కు అది విడివిడి చిన్న లింకులే. పుస్తెలు అలా కాదు, పలుచటి రేకైనా తెగని బిళ్లలు కాబట్టి బాగా మోగుతాయి. మీరు వెతకాల్సింది వాటినే. పెద్ద కాయిల్ పెద్ద వస్తువును లోతులో పట్టుకుంటుంది కానీ, ఇంత చిన్న బిళ్ల దగ్గర బలహీనపడుతుంది.

లోతు గురించి అమ్మేవాళ్లు చెప్పే అడుగుల లెక్కలు నమ్మొద్దండి. కాయిల్ సైజు కంటే దూరంగా ఉన్న చిన్న వస్తువుకు, ఆ దూరం రెట్టింపైతే సిగ్నల్ దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. రూపాయి బిళ్లంత వస్తువును కాయిల్ వెడల్పంత లోతులో పట్టుకుంటే అదే గొప్ప. ఇనుప ఖనిజం ఎక్కువున్న ఎర్రమట్టిలో అంత కూడా రాదు. అలాంటి నేలలో కాన్సెంట్రిక్ (ఒకదానిలో ఒకటి గుండ్రటి తీగచుట్లు ఉన్నది) కంటే డబుల్ డి (D ఆకారపు రెండు తీగచుట్లు ఉన్నది) కాయిల్ నిలకడగా పనిచేస్తుంది. ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోండి, అంటే మట్టికే మోగకుండా మిషన్‌ను ఆ నేలకు సరిచేసుకోండి. ఇంట్లో మరో పుస్తె ఉంటే దారం కట్టి, అదే చేలో రెండు అంగుళాల్లో ఒకసారి, నాలుగు అంగుళాల్లో ఒకసారి పూడ్చి చూడండి. మీ మిషన్ మీ మట్టిలో ఎంత లోతుకు పోతుందో అప్పుడు తెలుస్తుంది. కాయిల్ నేలకు ఆనించినంత దగ్గరగా, నెమ్మదిగా తిప్పండి. పైకెత్తిన ప్రతి అంగుళం లోతులోంచి పోయినట్టే.

డిస్క్రిమినేషన్‌లో (ఏ లోహానికి మోగకూడదో ఎంచుకునే సెట్టింగ్) ఇనుము ఒక్కటే తీసేయండి. గుట్కా కవర్లు, మాత్రల రేకులు విసుగు తెప్పిస్తాయి, నిజమే. కానీ వాటికి మిషన్ తెరమీద చూపే నంబర్ల దగ్గరే సన్నటి బంగారం కూడా మోగుతుంది, వాటిని తీసేస్తే పుస్తెలూ పోతాయి. ఈ వెతుకులాటలో పాతకాలపు నాణేల్లాంటివి దొరికితే దాచుకోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి.

అసలు చేలోకి దిగకముందే పీకిన కట్టె చూడండి. తాడు మొక్కలతో పాటు వామిలోకి వెళ్లిపోయి ఉండొచ్చు. కొద్దికొద్దిగా పరిచి పైన కాయిల్ తిప్పండి. వేళ్లకు అంటిన కాస్త మట్టి తప్ప ఎర్రనేల గోల ఉండదు కాబట్టి అక్కడ సిగ్నల్ చాలా శుభ్రంగా వస్తుంది. అప్పటిదాకా పశువులకు వేయకండి, చేలో గొర్రు తోలించకండి.