పార్కు స్థలం నగరపాలక సంస్థకు వెళ్తే అందులో ఫంక్షన్ హాలు కట్టవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి శివారులో ముప్పై ఏళ్ల కిందట వేసిన లేఅవుట్ కాలనీ. ప్లానులో పార్కుగా చూపిన సుమారు రెండెకరాల స్థలం ఇప్పటిదాకా పట్టణాభివృద్ధి సంస్థ అధీనంలో ఉంది. అక్కడి వేప, కానుగ చెట్ల కింద పెద్దలు నడుస్తారు, పిల్లలు ఆడుకుంటారు. ఈ స్థలాన్ని నగరపాలక సంస్థకు బదలాయించి నడక దారి, ఇండోర్ స్టేడియం, నిర్వహణ ఖర్చుల కోసం రోడ్డు వైపు దుకాణాలు, ఒక ఫంక్షన్ హాలు నిర్మించే ప్రతిపాదన ఉందని తెలిసింది. ఈ బదలాయింపును ఆపగలమా? స్థలం మాది కాదు కాబట్టి అడిగే హక్కు మాకు ఉందా? స్థలంలో ఒక మూల మా సంక్షేమ సంఘం గది, చిన్న వినాయకుడి గుడి ఉన్నాయి. వాటికి ఏమైనా ఇబ్బంది వస్తుందా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, తిరుపతి

జవాబు: బదలాయింపును ఆపాలన్న ఆలోచన ముందు మానుకోండి. అక్కడ మీకు బలం లేదు, అవసరమూ లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243డబ్ల్యు అధికరణం, పన్నెండో షెడ్యూలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులను పేర్కొన్నాయి. ఆ షెడ్యూలులో 12వ అంశమే పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలు. లేఅవుట్‌లు వేయడం, ప్రణాళికలు రూపొందించడం పట్టణాభివృద్ధి సంస్థ పని. రోజూ ఊడ్చి, నీళ్లు పెట్టి, దీపాలు వెలిగించడం నగరపాలక సంస్థ పని. ఒకరి నుంచి మరొకరికి పార్కు వెళ్లడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైగా పార్కు బాగోగులకు ఇకపై ఎవరు జవాబుదారీయో మీకు స్పష్టంగా తెలుస్తుంది.

అసలు విషయం ఆ తర్వాతిది. చేతులు మారినంత మాత్రాన స్థలం మీద ఉన్న షరతు మారదు. ఇచ్చే సంస్థకు లేని హక్కు పుచ్చుకునే సంస్థకు రాదు. పార్కుగా చూపిన స్థలాన్ని పార్కుగానే నిలబెట్టాల్సిన బాధ్యత పట్టణాభివృద్ధి సంస్థకు ఎంత ఉందో, స్థలంతోపాటు అదే బాధ్యత నగరపాలక సంస్థకూ సంక్రమిస్తుంది. ‘వినోద సదుపాయాల అభివృద్ధి’ అని పేరు పెట్టినంత మాత్రాన దుకాణం పార్కు కాదు. మన ఊళ్లో ఖాళీ స్థలం కంటపడితే అధికారులకైనా నాయకులకైనా మొదట తోచేది కల్యాణ మండపం, ఆ తర్వాత యాత్రికుల వాహనాలకు పార్కింగ్. రెండింటికీ గిరాకీ ఉంది, నేను కాదనను. ఊరికి అవసరమైనంత మాత్రాన అది పార్కులోనే రావాలని లేదు.

సుప్రీంకోర్టు తీర్పులు ఈ విషయంలో చాలా కాలంగా ఒకే దారిలో ఉన్నాయి. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం ఇచ్చినప్పుడు, ఆ ప్రాంత నివాసులే కోర్టుకు వెళ్లారు. వైద్యశాల కూడా ప్రజలకు మేలు చేసేదే కదా అన్న వాదన నిలవలేదు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప కేసులో ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అడిగే హక్కు ఉందా అన్న మీ సందేహానికీ జవాబు అదే తీర్పులో ఉంది. పార్కు పోతే గాలి, వెలుతురు, ఆటపాటలు కోల్పోయేది ఆ ప్రాంతంలో ఉండేవాళ్లే కాబట్టి వాళ్లు కోర్టుకు రావచ్చని న్యాయస్థానం అంగీకరించింది. పట్టా మీ పేర ఉండనవసరం లేదు.

మీ దుకాణాల సంగతికి ఇంకా దగ్గరగా వచ్చేది లక్నో కేసు. అమీనాబాద్‌లోని ఝండేవాలా పార్కు కింద భూగర్భ దుకాణ సముదాయం కట్టేందుకు అక్కడి మహాపాలిక (నగరపాలక సంస్థ) ఒక నిర్మాణ సంస్థతో ఒప్పందం చేసుకుంది. పైన పార్కు ఉంటుంది, కింద వ్యాపారం నడుస్తుంది అన్నది వాదన. 1999లో ఎం.ఐ. బిల్డర్స్ వర్సెస్ రాధేశ్యామ్ సాహు కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. పార్కు విషయంలో స్థానిక సంస్థ ప్రజలకు ధర్మకర్త మాత్రమేనని, కట్టినదాన్ని తొలగించి పార్కును పూర్వస్థితికి తేవాలని ఆదేశించింది. అప్పటికి చాలా డబ్బు ఖర్చు పెట్టేశాం అన్న మొర కూడా పనిచేయలేదు. మీ కేసులో ‘నిర్వహణ ఖర్చుల కోసమే దుకాణాలు’ అని ఎవరైనా అంటే ఈ తీర్పు చూపించండి.

అయితే ఇటుక పేర్చిన ప్రతిదీ తప్పు కాదు. నడక దారి, పిల్లల ఊయలలు, ఆరుబయట వ్యాయామ పరికరాలు, మరుగుదొడ్డి, కాపలాదారు గది, తాగునీరు ఇవన్నీ పార్కును వాడుకోవడానికి తోడ్పడేవే. వీటిని అడ్డుకుంటే కోర్టులో నవ్వులపాలవుతారు. ఇండోర్ స్టేడియం దగ్గరే కొంత చిక్కు ఉంది. ఆమోదిత ప్లానులో ‘ఆటస్థలం’ అని రాసి ఉంటే కార్పొరేషన్ వాదనకు కొంత బలం వస్తుంది. ‘పార్కు’ అని ఉంటే, రెండెకరాల్లో ఎక్కువ భాగం కప్పు కిందికి పోయి, రుసుము కట్టినవాళ్లకే తలుపు తెరుచుకునే కట్టడాన్ని సమర్థించుకోవడం కష్టం. నా ఉద్దేశంలో ఒక మూల చిన్న షటిల్ కోర్టుతో సరిపెడితే కాలనీ కూడా ఒప్పుకోవడం మంచిది. ఇక ఫంక్షన్ హాలుకు పార్కులో చోటే లేదు. చెట్లు కొట్టాల్సి వస్తే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి వేరే కావాలి.

ఇదంతా స్థలం నిజంగా లేఅవుట్ ఖాళీ స్థలం అయితేనే. అది కాగితాలు చూస్తే గాని తెలియదు. ఇప్పటి 2017 నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవారు విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదిలి, రిజిస్టరు చేసిన దానపత్రంతో స్థానిక సంస్థకు అప్పగించాలి. మీది పాతది కాబట్టి అప్పటి ఆమోదపు షరతులు చూడాలి. స్థలం ప్రభుత్వ పోరంబోకు అయితే దారి వేరు. బదలాయింపు రెవెన్యూ శాఖ ద్వారా, కలెక్టర్ ప్రతిపాదనపై, ఫలానా అవసరానికే అన్న షరతుతో జరగాలి. ఆ షరతు తప్పితే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. చెరువు పోరంబోకు అని తేలితే స్టేడియం మాట అటుంచి మరుగుదొడ్డి కట్టడం కూడా కష్టమే. కొండ వైపు రిజర్వు అటవీ భూమి అయితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ముందస్తు ఆమోదం ఉండాలి. తిరుపతిలో మరొక అవకాశాన్నీ మరచిపోకూడదు. స్థలం దేవస్థానానిదో, ఏదైనా మఠానిదో అయితే 1987 దేవాదాయ చట్టం అడ్డు వస్తుంది. అప్పుడు పై జవాబులో చాలా భాగం మీకు వర్తించదు.

అందువల్ల మొదటి పని సర్వే నంబరు పట్టుకుని అడంగల్, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు వంటి రెవెన్యూ భూ రికార్డులు చూడటం. ఆమోదిత లేఅవుట్ ప్లాను, ఆమోదపు ఉత్తర్వు, మాస్టర్ ప్లానులో ఆ స్థలానికి చూపిన వినియోగం, బదలాయింపు ప్రతిపాదన, పాలకమండలి తీర్మానం, అంచనాల నివేదిక నకళ్లు సమాచార హక్కు చట్టం కింద రెండు సంస్థలనూ అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దానపత్రం ఉంటే ధ్రువీకృత నకలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరుకుతుంది. మాస్టర్ ప్లానులో వినియోగం మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. ఆ ప్రకటన పత్రికలో చిన్న అక్షరాల్లో, ఎవరూ చూడని పేజీలో వస్తుంది. కాలనీలో ఒకరికి ఆ పని అప్పగించండి. గడువులోగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీ కూడా ఇవ్వండి. దానితో పని జరుగుతుందని కాదు, మీరు ఊరుకోలేదనడానికి రుజువుగా ఉంటుంది.

ఇక గుడి, గది విషయం. లేఖ చివర మీరు మామూలుగా రాసేసిన ఈ వాక్యమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పార్కుల్లో, వీధుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో ఏ మతానిదైనా అనధికార ప్రార్థనా కట్టడాన్ని కొత్తగా అనుమతించవద్దని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా పరిశీలించమని రాష్ట్రాలకు చెప్పింది. విజయవాడ, గుంటూరు ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో వినోద అవసరాలకు చూపిన స్థలంలో గుడి నిర్మాణాన్ని 2011లో మాచవరపు శ్రీనివాసరావు కేసులో తప్పుపట్టింది కూడా. దుకాణాలు వద్దని మీరు పిటిషన్ వేయగానే, ‘మీ గది సంగతేమిటి?’ అని ఎదుటి న్యాయవాది మొదటి రోజే అడుగుతారు. ఆ గదిని మీ అంతట మీరే ఖాళీ చేయడం మంచిది. గుడి ఎప్పుడు కట్టారో, అనుమతి ఉందో లేదో దాచకుండా పిటిషన్‌లోనే చెప్పండి.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే రెండు దారులున్నాయి. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయవచ్చు. లేదా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 91 కింద ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతి తీసుకుని తిరుపతి సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. కాగితాల మీదే తేలే వ్యవహారం కాబట్టి నేనైతే రిట్‌నే ఎంచుకుంటాను. టెండరు పిలిచిన వెంటనే వెళ్లండి, శ్లాబు పడేదాకా ఆగితే జాప్యాన్నే మీ మీద ప్రయోగిస్తారు. అభ్యర్థనలో బదలాయింపును రద్దు చేయమని అడగవద్దు. స్థలం ఏ సంస్థ పేర ఉన్నా ఆమోదిత ప్లానులో చూపినట్టు పార్కుగానే ఉంచాలని, దుకాణాలు, ఫంక్షన్ హాలు మేరకు ప్రతిపాదన చెల్లదని ప్రకటించమని, అంతవరకు ఆ రెండింటి విషయంలో మాత్రమే యథాతథ స్థితి కొనసాగించమని అడగండి. మొత్తం పనులు ఆపమంటే నడక దారి కూడా ఆగిపోతుంది.