‘మందు పడలేదు’ అంటే చాలదు, ఏ మందో తెలియాలి

మీ అమ్మగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని, వచ్చే నెలలో పిత్తాశయం ఆపరేషన్ ఉంది కనుక ఇక యాంటీబయాటిక్‌లన్నీ మానెయ్యాలా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. మా నాన్నగారి విషయంలో ఇదే భయాన్ని తిరుపతిలో రెండుసార్లు అనుభవించాను కాబట్టి, ఆ తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను. అన్నీ మానెయ్యనక్కరలేదు, కానీ ఆ రోజు ఇచ్చిన మందు ఏదో మీరు తప్పక కనుక్కోవాలి.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. పొలంలో కాలికి ముల్లు గుచ్చుకుని, షుగర్ ఉన్నందువల్ల మోకాలి దాకా వాచిపోయిన నాన్నగారిని తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మొదటి ఇంజెక్షన్ ఎక్కించిన పది నిమిషాలకే అరచేతులు దురదగా ఉన్నాయన్నారు. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, ఊపిరి అందలేదు, బీపీ పడిపోయింది. సిస్టరు వెంటనే మందు ఆపి తొడలో అడ్రినలిన్ ఇవ్వడం వల్లనే ఆయన మాకు దక్కారు. తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తరువాత తిరగబెట్టవచ్చని ఆ రాత్రంతా ఐసీయూలో ఉంచారు. ఇంత జరిగినా డిశ్చార్జి కాగితంలో ‘మందుకు రియాక్షన్’ అని మాత్రమే రాశారు. మందు పేరు వాళ్లు రాయలేదు, మేమూ అడగలేదు.

రెండేళ్లకు అదే కాలికి మళ్లీ చీము పట్టి వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఏ మందు పడలేదని డాక్టరు అడిగితే ‘ఏదో యాంటీబయాటిక్ సూది’ అనడం తప్ప మా దగ్గర జవాబు లేదు. దాంతో ఆయన పెన్సిలిన్ జాతి మందులన్నింటినీ పక్కన పెట్టి వాంకోమైసిన్ అనే వేరే రకం యాంటీబయాటిక్ ఎంచుకున్నారు. అది మూత్రపిండాలను దెబ్బతీయగల మందు కనుక, అవి ఎలా పనిచేస్తున్నాయో చూపే క్రియాటినిన్ అనే రక్తపరీక్షలు తరచుగా చేయించవలసి వచ్చింది. రెండో డోసు సెలైన్‌లో కాస్త వేగంగా దిగింది. ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి మంటలెత్తాయి. ఇదీ పడలేదని నేను గోల పెట్టాను. డాక్టరు మందు ఆపించి, నాన్నగారు కుదుటపడ్డాక నాకు ఓపికగా వివరించారు. ఒక గ్రాము వాంకోమైసిన్ కనీసం గంటసేపు ఎక్కాలట. తొందరగా ఎక్కితే ఒంట్లోని కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి ఇలా ఎర్రబరుస్తాయి కానీ, ఇది మొదటిసారి వచ్చినటువంటి అలర్జీ కాదు. అదే మందును రెండు గంటల పాటు నిదానంగా ఎక్కించారు; పది రోజులు వాడినా ఏమీ కాలేదు.

మన ఇళ్లలో ఈ రెండింటినీ ‘పడలేదు’ అనే ఒక్క మాటతోనే చెబుతాం. మొదటి మందు నాన్నగారి దరిదాపులకు రాకూడదు. రెండో దానికి వేగం తగ్గిస్తే సరిపోయింది. యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు పట్టుకోవడం, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్‌లతో చెవుల్లో హోరు రావడం వేరే సంగతులు, అవి అలర్జీలు కావు. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం బొబ్బలెక్కి ఊడటం ఉంటే మాత్రం అది ప్రాణాంతకం. ఆ మందును మళ్లీ ప్రయత్నించనే కూడదు. ఇంకోవైపు, పెన్సిలిన్ పడదని చెప్పుకునేవారిలో 90 శాతానికి పైగా, సరిగా పరీక్షిస్తే నిజానికి అలర్జీ లేనివారే. ఆ ముద్ర వల్ల వారికి తగిన మందు అందకుండా పోతుంది. చేతి మీద టెస్ట్ డోసు వేసి ఏమీ కాలేదన్నా పూర్తి భరోసా లేదు.

నేను ఆలస్యంగా చేసిన పని మీరు ఇప్పుడే చేయండి. ట్రంకుపెట్టెలో వెతికితే మొదటి రోజు మందుల షాపు బిల్లు దొరికింది. అందులో ఉన్న ఒకే ఒక్క యాంటీబయాటిక్, పెన్సిలిన్ జాతికి చెందిన అమాక్సిసిలిన్ క్లావులనేట్. బిల్లు లేకపోతే కేసుషీటు నకలు కోసం రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లోగా ఇవ్వాలి. మందు పేరు, ఇచ్చిన ఎంతసేపటికి ఏమైంది, దేనితో తగ్గింది అన్నవి ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఇటువంటి సంఘటనలను రోగి కుటుంబం కూడా మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800 180 3024 నంబరులో తెలియజేయవచ్చు.

పేరు తెలిశాక మా డాక్టరు, ఈసారి అవసరమైతే తగిన జాగ్రత్తలతో సెఫాజొలిన్ వంటి వేరే యాంటీబయాటిక్ గురించి ఆలోచించవచ్చన్నారు. మీ అమ్మగారికి ఏది తగునో ఆమె వైద్యులే తేల్చాలి. ఆపరేషన్‌కు ముందు యాంటీబయాటిక్ ఇవ్వవలసి వస్తే కోత పెట్టడానికి గంటలోపు, తరచుగా థియేటరులోనే ఇస్తారు కనుక, ఆ కాగితాన్ని సర్జనుగారితో పాటు మత్తు డాక్టరుగారికి కూడా ముందురోజే చూపించండి.