జాకోబాని మంటల్లో వెయ్యకు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. ఒకసారి బస్సులో, ఇంకోసారి రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్ వెలుగులో. ప్యారిస్‌లో వైద్యం చేసిన జాకోబా ఫెలిసీని ఎంచుకున్నావ్, భలే సబ్జెక్టు. కానీ చివర్లో ఆమెని మంత్రగత్తె అని తగలబెట్టేశావేంట్రా?

ఆమె మీద కేసు మంత్రాల గురించి కాదు, లైసెన్స్ గురించి. 1322లో ప్యారిస్ యూనివర్సిటీ మెడిసిన్ ఫ్యాకల్టీ వాళ్లు కోర్టుకీడ్చారు, పర్మిషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తోందని. శిక్ష ఏంటంటే 60 లివ్రల (అప్పటి ఫ్రెంచి డబ్బు) జరిమానా, చర్చి నుంచి వెలి, ఇక రోగిని ముట్టుకోవద్దని ఆర్డరు. మంట లేదు కదా అని నీకు చప్పగా అనిపించిందేమో, నాకైతే ఇదే ఎక్కువ ఒళ్లు మండించింది.

ఎందుకంటే సాక్షుల్ని చూడు. వాళ్లు ఆమె పేషెంట్లే, పిలిపించింది మాత్రం కేసు పెట్టినవాళ్లు. ఒక్కొక్కరూ వచ్చి మూత్రం చూసింది, నాడి పట్టుకుంది, తాగడానికి మందిచ్చింది, పెద్ద పెద్ద డాక్టర్ల వల్ల కాలేదు ఈమె వల్ల తగ్గింది, నయమయ్యేదాకా డబ్బులు కూడా అడగలేదు అని చెప్పారు. అంటే ఆమె హస్తవాసి మంచిదని మెచ్చుకుంటూనే, వైద్యం చేసిందని రుజువు చేసి పాపం ఆమెని ఇరికించేశారు! సీన్ ఇక్కడుంది, నువ్వేమో రెండు లైన్లలో దాటేసి మంటకి రెండు పేజీలిచ్చావ్.

ఆమె వాదన కూడా వదిలేశావ్. ఆడవాళ్లు తమ రహస్య రోగాలు మగవాడికి చూపించుకోలేక చచ్చిపోతున్నారు, అలాంటప్పుడు తెలిసిన ఆడది చూస్తే తప్పేంటి అంది. దానికి వచ్చిన సమాధానం ఏంటో తెలుసా, ఆడది లాయరుగా కేసు వాదించడానికే పనికిరాదు, కేసు పోతే ఆస్తి పోతుంది, ఇక్కడ ప్రాణమే పోతుంది కాబట్టి అస్సలు కుదరదని. ఇది యథాతథంగా పెట్టు, నీ కామెంట్ ఒక్క ముక్క కూడా వద్దు.

ఇంకో మాట, యూరప్ మొత్తం ఒకేలా ఉన్నట్టు రాశావ్. ప్యారిస్ కేసుకి ముందు ఏడాదే, 1321లో, ఇటలీలోని సలెర్నోకి చెందిన మత్తెయో భార్య ఫ్రాంచెస్కాకి, రోగులకి సర్జరీలు చేయొచ్చని కలాబ్రియా డ్యూక్ చార్లెస్ లైసెన్స్ ఇచ్చాడు. 1376లో సిసిలీలోని కటానియాలో విర్దిమురా అనే యూదు వైద్యురాలికి కూడా ఇచ్చారు, బీదవాళ్లకి వైద్యం చేస్తానని అడిగితే. సలెర్నోలో అంతకు రెండొందల ఏళ్ల ముందే త్రోతా అనే వైద్యురాలు ఉంది. ఇవన్నీ కథలో కుక్కమనట్లేదు (నా మొదటి చారిత్రక కథలో తెలిసిందంతా కుక్కేసి గెజిట్‌లా తయారుచేశాలే), నీ తలలో ఉంటే చాలు, "ఆ కాలం అంతే" అనే డైలాగు దానంతటదే పోతుంది.

మూత్రం సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసే ఆ చేతి దగ్గర మొదలుపెట్టు. ఆదివారంలోపు పంపు, ఈసారి ఫోటోలు తీసి కాదు, టైప్ చేసి, నీ రాత నాకు అర్థమై చావట్లేదు.

అక్క